మేకల పక్షము

హోసూరు మొదలు కృష్ణగిరి వఱకు గల మన పల్లెలలో పులి-మేక ఆట తెలియని పెద్దలు అరుదు. దీనికి కొనవలసిన సామగ్రి యేమియు లేదు. సుద్దముక్క యొకటి, గులకరాళ్లు 3, చింతపిక్కలు 15 ఉన్న చాలును. అరుగుపై గాని చెట్టునీడ బండపై గాని పటము గీసి కూర్చుండవచ్చును. దీనినే కొందఱు పులిజూదమందురు. జూదమను పేరే గాని ఇందు పందెము లేదు, పాచికలు లేవు, అదృష్టమునకు చోటు లేదు. ప్రక్క వీథి తమిళ బాలురు దీనిని ఆడుపులి ఆట్టమనియు, కన్నడ బాలురు ఆడు హులి ఆటయనియు అందురు. ఆ రెండు భాషలలోను ‘ఆడు’ అనగా మేక. మన తెలుగు చెవికి మాత్రము ‘ఆడుము, పులీ’ అని పిలిచినట్లు వినవచ్చును. మూడు భాషల పిల్లలు కలిసి కూర్చున్నపుడు ఈ మాటపై కొంత నవ్వులాట జరుగుట కద్దు.

ఈ ఆటను గూర్చి మేము కలము పట్టుటకు కారణము వేఱు. మన పిల్లలు దీనిని ఆడు తీరు మాకు సరిపడలేదు. పటము గీసినంతనే పెద్ద తరగతుల బాలురు పులుల రాళ్లను చేజిక్కించుకొందురు. చింతపిక్కలు చిన్న తరగతులవారికిని, తఱచుగా బాలికలకును దక్కును. పది పండ్రెండు ఎత్తులు ముగియకుండ నాలుగైదు మేకలు పోవును. పులి ఎప్పుడును పులియే యని చుట్టునున్నవారు కేకలు వేయుదురు. ఓడిన పిల్ల పిక్కలను అక్కడనే విడిచి లేచిపోవును. మఱునాడు పిలిచినను రాదు. చేతికి ఫోనులు వచ్చుటచే పాత ఆటలు పోవుచున్నవని పెద్దలు చెప్పుదురు. అది కొంత నిజమే. కాని ఆడ వచ్చినవారిని పది ఎత్తులలో తరిమివేసి, ఆ నెపమును ఫోనులపై నెట్టుట న్యాయము గాదు.

మా అభిప్రాయమును దాచక చెప్పుచున్నాము. మేకల పక్షము చిన్నవారికి విసరివేయవలసిన పక్షము గాదు. తొలి దాడిని కాచుకొనుట ఒక విద్య. అది నేర్పదగినది, నేర్పిన వచ్చునది. ఆ విద్య చెప్పకుండ పిక్కలు చేతికిచ్చి కూర్చుండబెట్టినచో జరుగునది వేటయే గాని ఆట యనిపించుకొనదు.

ఆట మఱచినవారికై పటమును చెప్పుదుము. శిఖరమునుండి అడుగునకు 4 ఏటవాలు గీతలు దిగును. వానిని 3 అడ్డగీతలు ఖండించి ఇరువైపుల కొంత వెలుపలికి సాగును. ఆ అడ్డగీతల కొనలను ఎడమ ప్రక్క నొకటి, కుడి ప్రక్క నొకటి నిలువు గీతలు కలుపును. అడుగున మఱొక గీత నాలుగు ఏటవాలు గీతల పాదములను కలుపును. శిఖరమున 1, అడ్డగీతలపై ఆరేసి చొప్పున 18, అడుగున 4, మొత్తము 23 చోట్లు. ఊరూరికి కొంత భేదము గలదు. మేము చెప్పునది విరివిగా వాడుకలో నున్న పటము. పులులు 3 మొదటనే పటముపై నుండును: శిఖరమున నొకటి, దాని క్రింది అడ్డగీత నడుమ రెండు. మేకల పక్షమువారు ఎత్తునకు ఒక్కటి చొప్పున మేకను ఖాళీ చోట పెట్టుదురు. 15 మేకలను పెట్టి ముగించువఱకు ఒక్క మేకయు కదలరాదు. పులులు మాత్రము మొదటి ఎత్తునుండియే తిరుగును. ప్రక్కనున్న మేకను దూకి, అదే గీతపై ఆవలి ఖాళీ చోట వ్రాలి దానిని తినును. పులులు మూడును ఎటును కదలలేని స్థితి కలిగినపుడు మేకలు గెలిచినట్లు.

ఒక పక్షము నిలిచినచోటనే నిలిచియుండగా, రెండవ పక్షము స్వేచ్ఛగా తిరుగు ఈ తొలి ఘట్టముననే చాల ఆటలు తేలిపోవుచున్నవి. తరువాతి భాగము పేరునకు మాత్రమే ఆడుదురు. అందుచే ఈ పదునైదు ఎత్తులను గూర్చియే కొంత విపులముగా చెప్పవలసి యున్నది.

క్రొత్తవారు చేయు పని మనకందఱకు తెలిసినదే. పులిని ఆపవలెనని మేకను తెచ్చి దాని ముక్కునకు సూటిగా పెట్టుదురు. నడుమ పులి క్రింద మేకను పెట్టిరి అనుకొనుడు. ఆ గీతపై మేకకు వెనుకటి చోటు ఖాళీ. పులి ఒక్క దూకుతో దానిని తినివేయును. అది చూచి ఉడుకెత్తి, మఱొక మేకను మఱల పులి ఎదుటనే పెట్టుదురు, అదియు పోవును. ఇంకొందఱు భయపడి ఒక్కొక్క మేకను ఒక్కొక్క మూలగా, పటము నిండ చల్లినట్లు పెట్టుదురు. నట్టనడుమ ఒంటరిగా నిలిచిన మేకకు నాలుగు వైపులను అపాయమే. ధైర్యము ఎక్కువైనవానికిని, తక్కువైనవానికిని ఇక్కడ ఫలము ఒక్కటే యగుచున్నది.

మేక ప్రాణము ఎప్పుడు పోవునో నిదానముగా ఆలోచింపుడు. ఒక ప్రక్క పులి యుండవలెను; అదే గీతపై సూటిగా రెండవ ప్రక్క ఖాళీ యుండవలెను. ఈ రెండును కలిసినపుడే ప్రమాదము. కావున మేకమీదుగా పోవు ప్రతి గీతను వేఱువేఱుగా చూడవలెను. ఆ గీతపై దానికి ఏదో యొక ప్రక్కన మఱొక మేక నిలిచియున్నంత కాలము ఆ గీతవెంట భయము లేదు. ఏలయన తోడుమేక యున్న వైపున పులి నిలువజాలదు, రెండవ వైపునుండి వచ్చు పులికి వ్రాలుటకు చోటు దొరకదు. గీత ఆ చోటనే ముగిసినను భయము లేదు. ఆవల చోటే లేదు గదా! మేకల రక్షణకు సూత్రమింతే. ఆఱవ తరగతి బాలునకు పావుగంటలో చెప్పవచ్చును.

ఈ సూత్రమును పట్టి పటమును మఱల చూచిన, గీతలన్నియు ముగిసిపోవు చోట్లు ఏడు కనబడును: శిఖరము, ప్రక్క నిలువు గీతల కొనలు 4, అడుగు గీత కొనలు 2. అక్కడ నిలిచిన మేకను ఎంతటి పులియు తినజాలదు. శిఖరము మొదట పులి చేతిలో నున్నది. తక్కిన ఆఱు చోట్లు మనవి. మొదటి మేకను అడుగు గీత ఎడమ కొనన పెట్టుదము. రెండవదానిని దాని ప్రక్కనే పెట్టుదము. అడుగు గీతపై దానికి తోడు గలదు, ఏటవాలు గీత అక్కడ ముగియును, కావున అదియు క్షేమము. ఇట్లే ఒకదాని ప్రక్క నొకటిగా ఆ వరుస నిండును. ప్రక్క నిలువు గీతలను గూడ ఒక కొననుండి మొదలిడి మూడేసి మేకలతో నింపవచ్చును. అడుగున 4, ఎడమ 3, కుడి 3, మొత్తము 10 మేకలు. వీనిలో ఏ యొక్కటియు పెట్టిన క్షణమున గాని, తరువాతి మేకలను పెట్టుచుండగా గాని పులి నోట పడదు. పిమ్మట మూడవ అడ్డగీత మీది చోట్లను ప్రక్కలనుండి లోపలికి నింపుచు రావలెను. ప్రతి మేకకును ప్రక్కన నొక తోడు, క్రింద నొక తోడు సిద్ధముగా నుండును. అవి 4. పదునైదవదానిని రెండవ అడ్డగీతపై ప్రక్క గోడకు ఆనించి పెట్టిన సరిపోవును. అపుడు పటముపై పావులు 18, ఖాళీలు 5. ఒక్క మేకయు పోలేదు.

ఇది కాగితముమీది లెక్క. పులులు ఊరకుండునా యని అడుగుదురు. ఉండవు. తెలిసిన ఆటగాడు మన ఎత్తుగడ కనిపెట్టి ఒక పులిని దింపి అడుగు వరుసలోనో, ప్రక్క గోడలోనో కూర్చుండబెట్టును. అపుడు వరుస పూర్తికాదు. కాని ఆ పులి తాను పోగొట్టుకొన్నదానిని గూడ లెక్కింపవలెను. శిఖరముననున్న పులిని బంధింపవలెనన్న దాని క్రింది నాలుగు చోట్లను, వాని వెనుకటి నాలుగు చోట్లను, అనగా 8 చోట్లను మూయవలెను. మూలకు వచ్చిన పులికి దారులు రెండే. దానిని బంధించుటకు 4 మేకలు చాలును. అంచులకు వచ్చి మనలను బెదరించు పులి తన బలములో సగమును శిఖరముననే వదలి వచ్చినది. చిన్నవారు ఈ సంగతి తెలియక, పులి దగ్గఱకు వచ్చినకొలది బెదరిపోవుదురు.

ఇక్కడ ఎరను గూర్చి ఒక మాట. ఒక మేకను ఎర పెట్టి పులిని మూలకు లాగవలెనని కొంచెము తెలిసినవారు ఉపదేశింతురు. ఈ ఉపదేశమును మేము పటముపై పరీక్షించి చూచితిమి. మొదటి అడ్డగీత ఎడమ కొన ఖాళీగా నుంచి, దాని క్రింది రెండు చోట్లను మేకలతో మూసి, కొన ప్రక్క చోటున ఎరమేకను పెట్టినామనుకొందము. నడుమ పులి దానిని దూకి కొనన వ్రాలును. ఇపుడు దాని వెనుక రెండు చోట్లు ఖాళీ: ఎరమేక యున్న చోటు, పులి బయలుదేరిన చోటు. మనకున్నది ఒక్క ఎత్తు. దగ్గఱి చోటున మేకను పెట్టిన, దానిని గూడ దూకి పోవును. దూరపు చోటున పెట్టిన, దగ్గఱి చోటునకు నడచి వచ్చును. అనగా దూకి వచ్చిన పులి తిరిగిపోవు దారిని తనతో గూడ తెచ్చుకొన్నది. నడచి వచ్చిన పులి సంగతి వేఱు. దూరపు చోటు ముందే మేకతో నిండియుండి, పులి దగ్గఱి చోటునుండి తనంతట కొనకు నడచినచో, అది ఖాళీ చేసిన చోట ఒక మేకను పెట్టిన చాలును, బంధము పూర్తియగును. అదియు మిగిలిన పులులు వచ్చి కావలి మేకను తినకుండ చూచుకొన్నపుడే. కావున తొలి ఘట్టమున ఎర పెట్టుట దానమే గాని తంత్రము గాదని మా మతము. పెద్దలు ఒప్పుకొనకపోయిన, పటము గీసి చూపింతురు గాక.

పదునైదు మేకలు నిలిచిన పిమ్మట వచ్చు కష్టమును మేము తక్కువ చేయుట లేదు. అప్పటినుండి మేకలు కదలవలెను. కదలక ఊరకుండుటకు వీలులేదు. ఒక మేక కదలినపుడు అది ఒక చోటు విడుచుచున్నది. ఆ చోట నిలిచి అది ఎవరికి తోడుగా నుండెనో ఆ మేకలన్నియు ఒక ప్రక్క బోసిపోవుచున్నవి. కదలబోవు మేకను చూచుట అందఱును చేయుదురు. విడువబోవు చోటును చూచుట కొందఱే చేయుదురు. తొలి ఘట్టమున ఒక్క మేకను గూడ పోగొట్టుకొననివారికి ఈ ఆలోచన చేయుటకు తీరిక యుండును. అయిదింటిని పోగొట్టుకొన్నవారికి 10 ఖాళీల నడుమ 10 మేకలు, ఏ గోడయు నిలువదు.

చదరంగమునందును ఇట్టిదే యొకటి గలదు. ఎదుటివాడు మంత్రిని, శకటమును తొందరగా వెలికి తీసి, రాజు దప్ప మఱొక కాపు లేని బంటును కొట్టి నాలుగవ ఎత్తుననే ఆట కట్టించును. క్రొత్తగా నేర్చినవారిలో దీనికి చిక్కనివారు తక్కువ. అయినను ఒక గుర్రమును వెలికి తీసి నడుమ బంటును కాచి, శకటము వచ్చినపుడు బంటునొకదానిని ముందుకు త్రోసి మంత్రికి అడ్డుపెట్టినచో, తొందరపడిన ఆ మంత్రియే వెనుదిరుగవలసి వచ్చును. మన రెండవ గుర్రమును వెలికి వచ్చును. పేకముక్కలను గూర్చి పాఠశాల పత్రికలో వ్రాయుట కొందఱకు రుచింపదు. అయినను సత్యమును చెప్పుటలో దోషము లేదు. రమ్మీ ఆటలో ప్రావీణ్యమే ప్రధానమని 1967లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. ఆ ఆట తెలిసినవారు జోకరు తోడు లేని సహజమైన వరుసను మొదట కట్టుకొందురు. పెద్ద పెద్ద కూర్పులకు ఆశపడి దానిని వాయిదా వేసినవారు, ఎదుటివారు తొందరగా ఆట చూపినపుడు చేతిలోని ముక్కలన్నింటికిని లెక్క కట్టవలసి వచ్చును. పందెమును మేము సమర్థించుట లేదు. క్రమమును మాత్రమే చెప్పుచున్నాము.

మన కన్నుల ఎదుటనే నిలిచిన కృష్ణగిరి దుర్గమును గూడ చూడుడు. 1791 నవంబరులో, టిప్పు సుల్తానుతో జరిగిన మూడవ మైసూరు యుద్ధమున, కర్నలు మాక్సువెల్ అను ఆంగ్ల సేనాని దానిపై దాడి చేసెను. క్రింది కోట అతని చేతికి చిక్కెను. పైకి మరలుచున్న రక్షకుల వెంటనంటి పై కోటలోనికి గూడ చొచ్చుకొనిపోవలెనని అతని సేన యత్నించెను, ద్వారములు మూతపడెను, మీదినుండి బండలు దొర్లెను, దాడి విఫలమై సేన వెనుదిరిగెను. మఱుసటి సంవత్సరము, 1792లో, శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలు సీమ కుంపిణీవారి వశమైనది. ఆ కోట అన్ని కాలములందును అజేయమని మేమనుట లేదు. ఆ దినమున మాత్రము, క్రింది కోటకై మైదానమున పోరాడి సేనను నష్టపఱచుకొనక, దూకుటకు వీలులేని చోటికి చేరి నిలిచినవారే నిలిచిరి. కొండయెక్కి చూచు బాలురు పై ద్వారముల దగ్గఱ ఒక నిమిషము ఆగి, మేము చెప్పిన అడుగు గీత కొనలను జ్ఞప్తికి తెచ్చుకొనిన బాగుండును.

ఇట్లు గోడ కట్టి కూర్చున్నచో ఆట చప్పబడునని ఒక ఆక్షేపణ గలదు. పులుల రాళ్లు పట్టుటకు అలవాటుపడినవారినుండియే ఇది ఎక్కువగా వినబడుచున్నది! మొదటి పది ఎత్తులలో అయిదు మేకలు దొరకనిచో వారికి ఆట చప్పగానే తోచును. నిజమునకు ఎదుటి పక్షము గట్టిగా నిలిచినపుడే పులులు నడపువానికి బుద్ధితో పని పడును: ఏ చోటును ముందు ఆక్రమింపవలెను, మూడు పులులలో దేనిని అంచునకు పంపవలెను, శిఖరమును ఎప్పుడు విడువవలెను అను ప్రశ్నలు అపుడే పుట్టును. బలాబలముల సంగతి యందురా, నేపాళ దేశమున బాఘ్‌చాల్ అను ఆట గలదు. అది మన ఆటకు జ్ఞాతి. 25 చోట్లు, 4 పులులు, 20 మేకలు. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అను పరిశోధకులు కంప్యూటరు సహాయమున దానిని తుదిముట్ట శోధించి, ఇరుపక్షములును పొరపాటు చేయనిచో ఆట సరిసమానముగా ముగియునని తేల్చిరి. పటము వేఱు గనుక ఆ తీర్పు మన ఆటకు యథాతథముగా వర్తింపదు. అయినను పులి ఎప్పుడును పులియే యను కేకకు అది తగిన సమాధానమే.

కావున మేము కోరునది ఇది. వచ్చు సంవత్సరపు క్రీడాదినమున పులి-మేకకును ఒక పోటీ పెట్టవలెను. ప్రతి జంటయు రెండు ఆటలు ఆడవలెను; మొదటి ఆటలో పులులు నడపినవారు రెండవదానిలో మేకలను నడపవలెను. గెలుపును పులులు బంధింపబడుటచేతనే నిర్ణయించిన కాలము చాలదు. పీరియడు సగమునకు ఒక ఆట చొప్పున నిలిపి, ఎవరి మేకలు తక్కువగా పోయినవో వారికి గెలుపు ఈయవలెను. వేఱువేఱు తరగతులవారు జంటయైనపుడు మొదటి ఆటలో పులుల రాళ్లు చిన్న తరగతివారికే దక్కవలెను. చుట్టునున్నవారు ఎత్తులు చెప్పరాదు, కేకలు వేయరాదు. వరండాలో నీడ పడు చోట రెండు పటములను చెరగని రంగుతో గీయుటకు ప్రధానోపాధ్యాయులవారి అనుమతిని ప్రార్థించుచున్నాము. రంగు ఖర్చు స్వల్పము. పిక్కలు మేము తెచ్చెదము.